గ్రాంటు పాతిక వేలే వచ్చింది: సర్కారు బడిలో దేనికి ముందు ఖర్చు పెట్టాలి?

ఏటా గ్రాంటు పడగానే హెడ్‌మాస్టర్లు, కమిటీ సభ్యులు అడిగేది ఒకటే. "వచ్చింది పాతిక వేలు. స్లాబు కారుతోంది, టాయిలెట్‌కు గడియ లేదు, గోడలు వెలిసిపోయాయి. ఏది ముందు చేయమంటారు?"

ఒక్క ముక్కలో చెప్పాలంటే నీళ్ల వెంట వెళ్లండి. పడకూడని చోట పడుతున్న నీళ్లను ముందు ఆపండి. రావలసిన చోట రాని నీళ్లను తర్వాత రప్పించండి. రంగులు, గోడల మీద బొమ్మలు, కొత్త నేమ్‌బోర్డు ఆ తర్వాతి సంగతి. ఈ వరసలో పని ఎలా చేయాలో కింద చెబుతున్నాను. కొత్త గదులు కట్టడం, స్లాబు మొత్తం మార్చడం లాంటి పెద్ద పనుల జోలికి పోవడం లేదు, అవి ఇంజినీరింగ్ విభాగం చూసుకోవాలి. జూనియర్ కాలేజీ ప్రిన్సిపాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది 7వ మెట్టు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- గళ్ల నోటుపుస్తకం, కొలత టేపు, సుద్దముక్క, టార్చిలైటు, ఫోన్ కెమెరా
- పొడవాటి కర్ర (స్లాబును అడుగు నుంచి తట్టి చూడటానికి)
- అన్ని గదుల తాళంచెవులు, ఏళ్లుగా తెరవని స్టోర్‌రూమ్‌తో సహా
- గత రెండు మూడేళ్ల రిపేరు బిల్లులు, కరెంటు బిల్లులు
- తరగతివారీగా ఆడపిల్లలు, మగపిల్లల సంఖ్య
- ఊళ్లోని ఒక మేస్త్రి, ఒక ప్లంబరు, మండల ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఫోన్ నంబర్లు
- బడి ఆయమ్మ, టాయిలెట్లు కడిగే మనిషి. ఏ కొళాయి ఎప్పటి నుంచి కారుతోందో, ఏ పాన్ ఎక్కడ మూసుకుపోతోందో వీళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయినా ప్లాన్ వేసేటప్పుడు వీళ్లను పిలిచే బడులు తక్కువ.

1. చేతిలో ఎంత ఉందో తేల్చుకోండి

బడుల కోసం ఉన్న సమగ్ర శిక్షా పథకం కింద వచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది దాకా ఉంటే 10,000 రూపాయలు, 31 నుంచి 100 దాకా 25,000, 101 నుంచి 250 దాకా 50,000, 251 నుంచి 1,000 దాకా 75,000, అంతకు మించితే లక్ష. ఇందులో కనీసం 10 శాతం స్వచ్ఛతకు, అంటే టాయిలెట్లు, చేతులు కడుక్కోవడం, శుభ్రత లాంటి వాటికి ఖర్చు పెట్టాలి. సుద్దముక్కలు, రిజిస్టర్ల లాంటి రోజువారీ ఖర్చులూ ఈ గ్రాంటులోంచే పోతాయి కాబట్టి మొత్తం రిపేర్లకే ఉందని లెక్కేసుకోవద్దు.

డబ్బు రెండు విడతల్లో రావచ్చు, రెండోది ఆలస్యం కావచ్చు. అందుకే ప్లాన్ రాసేటప్పుడే "మొదటి సగం వస్తే ఇవి, రెండో సగం వస్తే ఇవి" అని గీత గీసుకోండి. మొత్తం వస్తుందని పని మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తే అసలు మొదలుపెట్టకపోయిన దానికంటే ఎక్కువ నష్టం. సగం కొట్టి వదిలేసిన గచ్చులో వాన నీళ్లు దిగుతాయి.

గ్రాంటు కాక అడగదగిన చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. ఆర్థిక సంఘం నుంచి పంచాయతీకి వచ్చే నిధుల్లో కొంత భాగం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలని నియమం ఉంటుంది. బడి బోరు మోటారు రిపేరు, ఇంకుడు గుంత లాంటివి అందులోంచి అడగవచ్చు. నోటిమాటగా కాదు, కమిటీ తీర్మానం కాపీ జతచేసి సర్పంచ్‌కు, పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇవ్వండి. వస్తువు రూపంలో సాయం కావాలంటే కేంద్రం విద్యాంజలి పోర్టల్‌లో బడి అవసరాలను నమోదు చేయవచ్చు. ఇక పూర్వ విద్యార్థులు. వాళ్లను "ఏదైనా చేయండి" అని అడిగితే గోడగడియారమో, దాత పేరు పెద్దక్షరాలతో రాసిన బీరువానో వస్తుంది. "నాలుగు గేట్‌వాల్వులు, రెండు వందల అడుగుల పైపు, ప్లంబరు కూలి" అని చీటీ రాసివ్వండి. అప్పుడు మీకు కావలసిందే వస్తుంది.

2. బడి చుట్టూ రెండుసార్లు తిరగండి

ఒకసారి ఎండలో, ఒకసారి వాన కురుస్తుండగా. వానలో తిరగకుండా వేసిన ప్లాన్ సగం ఊహే. ఎండలో స్లాబు మీద మరక కనిపిస్తుంది కానీ నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో కనిపించదు. గది మధ్యలో మరక ఉంటే కారణం చాలాసార్లు పిట్టగోడ మూలలోనో, మూసుకుపోయిన తూము దగ్గరో ఉంటుంది.

పైనుంచి కిందికి చూసుకుంటూ రండి: డాబా, పిట్టగోడ, సన్‌షేడ్లు, స్లాబు అడుగు భాగం, గోడలు, కిటికీలు, గచ్చు, చివరికి చుట్టూ నేల. కనిపించిన ప్రతి లోపానికీ ఒక నంబరు, ఒక ఫోటో. గోడ పగులు కనిపిస్తే రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ వేయండి. రెండు నెలల తర్వాత పగులు ఆ గీతలు దాటి పోయిందంటే అది సిమెంటు పూసి వదిలేసే రకం కాదు, ఏఈని పిలవాలి.

స్లాబు అడుగును కర్రతో తట్టండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, పెచ్చు విడిన చోట గుల్ల శబ్దం వస్తుంది. తట్టే మనిషి దాని కిందే నిలబడకూడదు, పిల్లలు గదిలో ఉండకూడదు.

హెచ్చరిక: పెచ్చులూడి ఇనుప కడ్డీలు బయటపడితే ఆ గదికి అదే రోజు తాళం వేయండి. ఎంఈఓకు (మండల విద్యాధికారికి), ఏఈకి ఫోటోలతో రాయండి. మేస్త్రిని పిలిచి కింద నుంచి సిమెంటు పూయించవద్దు. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బడం వల్లే పెచ్చు ఊడింది. పైన పూసిన సిమెంటు కడ్డీకి బలం ఇవ్వదు సరికదా, అది ఎంత పాడైందో కనపడకుండా దాచేస్తుంది. మళ్లీ ఊడినప్పుడు ఆ కొత్త పూతే పిల్లల నెత్తిన పడుతుంది.

3. లోపాలను మూడు గుంపులు చేయండి

మొదటిది ప్రాణాపాయం: బయటపడ్డ కడ్డీలు, వేలాడే వైర్లు, ఊగే పిట్టగోడ, మూత లేని సెప్టిక్ ట్యాంకు, ఒరిగిన ప్రహరీ, మంట సోకే కప్పు కింద వంట. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో 94 మంది పిల్లల్ని పొట్టనపెట్టుకున్న మంట మొదలైంది వంటచోటే, అంటుకున్నది ఆకుల కప్పు. ఈ గుంపులోని వాటికి డబ్బు లేకపోయినా ఏదో ఒకటి చేయవచ్చు. గది మూయడానికి, తాడు కట్టడానికి, సెప్టిక్ ట్యాంకు మీద బండ వేయడానికి గ్రాంటు రానక్కర్లేదు.

రెండోది, వదిలేస్తే పెరిగేవి: లీకులు, చెమ్మ, కారే కొళాయిలు, విరిగిన పైపులు, పిట్టగోడలో మొలిచిన రావి మొక్క. మీ డబ్బులో ఎక్కువ భాగం వెళ్లవలసింది ఇక్కడికే. ఈ ఏడాది కొద్ది ఖర్చుతో పోయేది రెండేళ్లాగితే ఎస్టిమేట్లు, టెండర్ల దాకా వెళుతుంది.

మూడోది చూపుకు బాగోనివి: వెలిసిన రంగు, గీతలు పడ్డ బల్లలు. ఇవి ఆగుతాయి. తనిఖీకి వచ్చినవాళ్ల కళ్లకు ముందు ఇవే పడతాయి కాబట్టి డబ్బు ఇటే జారుతుంది. చెమ్మగోడకు రంగు వేస్తే ఒక్క వానాకాలం దాటేలోపే పొక్కులు లేస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, అయినా ఏటా వేయిస్తూనే ఉంటారు.

4. డాబా పని: ఏప్రిల్ నెలాఖరు నుంచి మే ముగిసేలోపు

సెలవులు మొదలవగానే చేయించండి. జూన్ 12కి బడి తెరిచే సరికి పని ముగియాలి, సిమెంటు ఆరి ఉండాలి.

ముందు ఊడ్పించండి. ఆకులు, మట్టి, విరిగిన బల్లలు, పాత సైకిలు టైర్లు అన్నీ దించేయించండి. తూములన్నిట్లో బకెట్ నీళ్లు పోసి చూడండి. కారుతుందని చెప్పుకునే డాబాల్లో కొన్నిటి జబ్బు ఇంతే, తూము మూసుకుపోయి నీళ్లు నిలబడటం. ఖర్చు ఒక పూట కూలి.

పిట్టగోడలో రావి, మర్రి మొక్కలు ఉంటే పైకి కోసేయడం కాదు, వేరుతో తీయించాలి. అవసరమైతే రెండు ఇటుకలు తీసి మళ్లీ కట్టించండి. వేరు మిగిలితే వచ్చే ఏడు మళ్లీ అదే పని.

పగుళ్లను ఇంగ్లిష్ 'వి' ఆకారంలో కొద్దిగా వెడల్పు చేసి, దుమ్ము పోయేలా బ్రష్షుతో తుడిచి, హార్డ్‌వేర్ షాపులో దొరికే క్రాక్ ఫిల్లర్ కూరించాలి. ఉత్త సిమెంటు పాలు పోస్తే ఎండకు మళ్లీ విడిపోతుంది. స్లాబూ పిట్టగోడా కలిసే మూల పొడవునా సిమెంటును ఏటవాలుగా దిద్దించండి. లీకుల్లో చాలా భాగం ఆ మూలలోంచే దిగుతాయి. సిమెంటు పని చేసినచోట వారం రోజులు తడుపుతూనే ఉండాలి. మే ఎండలో ఈ ఒక్కటి ఎగ్గొడితే మిగతా ఖర్చంతా వృథా, తడిపే బాధ్యత ఎవరిదో పేరు రాసి పెట్టండి.

ఇవి అయ్యాక డబ్బు మిగిలితే తెల్ల సున్నం రెండు మూడు పూతలు వేయించండి. సున్నంలో కొంచెం జిగురు కలిపితే తొందరగా రాలదు. లీకు ఆపడానికి కాదు, గది వేడి తగ్గడానికి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే: తెల్లటి కప్పు ఎండను వెనక్కి తిప్పికొడుతుంది. కూల్ రూఫ్ పెయింటు ఎక్కువ కాలం నిలుస్తుంది, ఖరీదూ ఎక్కువే. పాతిక వేల గ్రాంటుకు సున్నమే సరి.

హెచ్చరిక: "పైన ఇంకో అంగుళం గచ్చు వేసేద్దాం సార్" అనే మేస్త్రికి ఒప్పుకోకండి. 20 అడుగులకు 20 అడుగుల గది మీద అంగుళం మందం సిమెంటు గచ్చు బరువు దాదాపు రెండు టన్నులు. పాత స్లాబు మీద అంత బరువు పెట్టవచ్చో లేదో చెప్పవలసింది ఇంజినీరు.

పని సరిగా జరిగిందో లేదో చూడాలంటే తూములు మూసి, డాబా మీద రెండు అంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టి కింద చెమ్మ వస్తుందేమో చూడాలి. స్లాబు గట్టిగా ఉందనుకుంటేనే ఇలా చేయండి. పెచ్చులూడిన దాని మీద వద్దు, నీళ్ల బరువూ బరువే. అలాంటిచోట పైపుతో మూలమూలనా నీళ్లు కొట్టి చూస్తే చాలు.

రేకుల కప్పు అయితే పని చిన్నది. బోల్టుల కింద వాషర్లు మార్చడం, చీలిన రేకును మార్చడం. సిమెంటు రేకు మీద నేరుగా అడుగు వేయనివ్వకండి, అడ్డంగా చెక్క వేసి దాని మీదే నడవాలి.

5. టాయిలెట్లు: కట్టడం కాదు, నడపడం

స్వచ్ఛ విద్యాలయ నియమం ప్రకారం 40 మంది పిల్లలకు ఒక యూనిట్ ఉండాలి, ఆడపిల్లలకు, మగపిల్లలకు విడివిడిగా. మీ లెక్క తక్కువగా ఉంటే కొత్తవి అడగండి, అడగడం మానవద్దు. కానీ ఈలోపు ఉన్నవి నడుస్తున్నాయా? చాలా బడుల్లో టాయిలెట్ల కొరత కంటే తాళం వేసిన టాయిలెట్ల బాధే ఎక్కువ.

పని వరస ఇది: నీళ్లు, గడియ, మురుగు దారి, వెలుతురు, చివరగా టైల్స్. నీళ్లు లేని టైల్స్ టాయిలెట్ కంటే నీళ్లున్న గచ్చు టాయిలెట్ నయం.

నీళ్లు లోపలికే రావాలి. ట్యాంకు నుంచి పైపు వేయించే డబ్బు లేకపోతే గుమ్మం పక్కనే మూత ఉన్న డ్రమ్ము, దానికి అడుగున కొళాయి, లోపల బకెట్, గొలుసు కట్టిన మగ్గు. రోజూ పొద్దున డ్రమ్ము నింపే పని ఎవరిదో రాసి ఉండాలి. గడియలకు సన్న అల్యూమినియం రకం కొనవద్దు, నెలకే వంగిపోతుంది. కాస్త లావు ఇనుప గడియ చిన్న పిల్లల చెయ్యి అందే ఎత్తులో వేయించండి. ఆడపిల్లల వైపు బట్టలు తగిలించడానికి కొక్కెం, చిన్న అరుగు, మూత ఉన్న చెత్తబుట్ట తప్పనిసరి. ప్యాడ్లు కాల్చే ఎలక్ట్రిక్ యంత్రం ఎవరైనా ఇస్తామంటే, దాని కరెంటు పాయింటు, రిపేరు ఎవరు చూస్తారో ముందే అడగండి. పాడైపోయి మూల పడే వస్తువుల్లో అది ముందుంటుంది. ప్యాడ్లను పాన్‌లో వేయకుండా బుట్టలో వేయమని పిల్లలకు చెప్పగలిగేది టీచరమ్మే. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడితే ప్లంబరుకు బిల్లు కట్టాలి.

ఇక పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఇంటర్వెల్ పది నిమిషాలు, టాయిలెట్లు రెండు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు అనుకోండి. పది నిమిషాల్లో వెళ్లగలిగేది పది మంది. బడిలో 60 మంది ఆడపిల్లలు ఉంటే మిగిలిన 50 మంది? వాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. ఇంటర్వెల్‌ను తరగతులవారీగా మూడు విడతలు చేస్తే అవే రెండు టాయిలెట్లలో 30 మంది వెళ్లగలరు. కొత్త టాయిలెట్ మంజూరయ్యే దాకా ఆగక్కర్లేదు, టైంటేబుల్ రేపే మార్చవచ్చు. గంట మూడుసార్లు కొట్టాల్సి వస్తుంది, టీచర్లు కొంచెం గొణుగుతారు. ఫర్వాలేదు.

హెచ్చరిక: యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలిపి వాడవద్దు, ఒకదాని వెంట ఒకటి పోయవద్దు. క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో ప్రాణం మీదికి తెస్తుంది. యాసిడ్ అతిగా వాడితే టైల్స్ సందుల్లోని సిమెంటునూ తినేస్తుంది. రోజూ సబ్బునీళ్లు, బ్రష్షు చాలు. కడిగే మనిషికి రబ్బరు గ్లవ్స్, బూట్లు కొనివ్వండి. అదీ స్వచ్ఛత ఖర్చే.

కొత్త సోక్‌పిట్ (టాయిలెట్ నీళ్లు నేలలోకి ఇంకే గుంత) తవ్వించే పని పడితే తాగునీటి బోరుకు కనీసం 60 అడుగుల దూరం ఉండాలి. "ఖాళీ స్థలం అక్కడే ఉంది" అన్న కారణంతో బోరు పక్కన తవ్వినవి కనిపిస్తూ ఉంటాయి.

6. తాగునీరు, కరెంటు

ట్యాంకును ఏడాదికి కనీసం రెండుసార్లు కడిగించి, తేదీని ట్యాంకు మీదే పెయింటుతో రాయించండి. మూత ఊడిపోయి ఉంటే ముందు అది. 1,000 లీటర్ల నీటికి మంచి బ్లీచింగ్ పౌడర్ 4 గ్రాములతో మొదలుపెట్టండి. మగ్గులో కలిపి, తేటను మాత్రమే ట్యాంకులో పోసి, అరగంట ఆగి, ట్యాంకుకు అన్నిటికంటే దూరంగా ఉన్న కొళాయి దగ్గర క్లోరోస్కోప్‌తో (నీటిలో క్లోరిన్ ఎంతుందో రంగును బట్టి చూపే కిట్) చూడండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పంచాయతీ వాటర్‌మన్ దగ్గర ఆ కిట్ ఉంటుంది. రంగు రాకపోతే మోతాదు కొంచెం పెంచండి. అప్పటికీ రాకపోతే పౌడరే చచ్చిపోయి ఉంటుంది, చెమ్మ తగిలిన సంచిలోది పనికిరాదు.

నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో క్లోరిన్ వేసినా, కాచినా ఫ్లోరైడ్ పోదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో నమూనా పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. అది దాటితే బోరు నీటిని టాయిలెట్లకు, మొక్కలకు ఉంచేసి, తాగడానికి పైపులైను ద్వారా వచ్చే శుద్ధిచేసిన నీళ్లు తెప్పించుకోండి. దాతలిచ్చే ఆర్వో ప్లాంటుకు ఫిల్టర్లు, మెంబ్రేన్ మార్చే ఖర్చు ఏటా ఉంటుంది. రెండేళ్ల నిర్వహణ కూడా రాసిచ్చే దాతకే సరేననండి.

కరెంటు విషయంలో మొదట చూడవలసింది ఎర్తింగ్, మోటారు స్టార్టర్ డబ్బా, చెమ్మగోడల మీది స్విచ్‌బోర్డులు. బడి మొత్తానికి ఒక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్) పెట్టించండి. షాక్ ప్రాణం మీదికి వచ్చేలోపే అది సరఫరా కట్ చేస్తుంది. ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌దే, పూర్వ విద్యార్థి అయినా సరే, తెలిసీ తెలియనివాడి చేత చేయించవద్దు. నెలకోసారి ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే పనిచేయనట్టే.

తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ల గురించి చాలామంది అడుగుతున్నారు. పాత ఫ్యాను 75 వాట్లు, ఇది సుమారు 30. రోజుకు 6 గంటలు, ఏడాదికి 220 పనిదినాల లెక్కన ఒక్క ఫ్యానుకు దాదాపు 60 యూనిట్లు మిగులుతాయి. తిరుగుతున్న ఫ్యానును తీసేసి ఇది పెడితే పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది, గ్రాంటు డబ్బు అందుకు వద్దు. ఫ్యాను కాలిపోయి ఎలాగూ కొత్తది కొనవలసి వస్తే మాత్రం బీఎల్‌డీసీదే కొనండి.

7. కొత్త గది అడిగే ముందు ఉన్న గదులను లెక్కపెట్టండి

ఒక కాగితం మీద అడ్డంగా పీరియడ్లు, నిలువుగా గదులు రాయండి. వారం పాటు ఏ పీరియడ్‌లో ఏ గదిలో ఎంతమంది కూర్చున్నారో నింపండి. టైంటేబుల్ చూసి కాదు, స్వయంగా వెళ్లి చూసి. జూనియర్ కాలేజీల్లో ల్యాబులు పొద్దున పూటంతా ఖాళీగా ఉండటం, 25 మంది ఉన్న గ్రూపు పెద్ద హాల్లో కూర్చుంటే 70 మంది ఉన్న గ్రూపు చిన్న గదిలో ఇరుక్కోవడం ఈ పట్టీలో వెంటనే బయటపడతాయి. గదులు అటూ ఇటూ మార్చడానికి అడ్డొచ్చేది డబ్బు కాదు, "ఇది మా డిపార్ట్‌మెంట్ రూము" అన్న మాట.

స్టోర్‌రూమ్‌లో గుట్టపడ్డ విరిగిన బల్లలు ఇంకో గదిని మింగేస్తాయి. వడ్రంగిని పిలిచి మూడు విరిగిన బల్లల్లోంచి రెండు మంచివి చేయించండి. పనికిరానివాటిని లెక్కలోంచి తీసేయడానికి కండెమ్నేషన్ ప్రతిపాదన పంపండి. అనుమతి లేకుండా పాత ఇనుప సామాను వాడికి అమ్మవద్దు, ఆ స్టాకు రిజిస్టరు లెక్క మీ రిటైర్‌మెంట్ దాకా వెంటాడుతుంది.

ఇంత చేశాక కూడా గది చాలకపోతే ఆ పట్టీనే ప్రతిపాదనకు జతచేయండి. "గదులు చాలడం లేదు" అన్న ఒక్క వాక్యం కంటే అధికారి దగ్గర దానికి విలువ ఎక్కువ.

ర్యాంపు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. అరుగు అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు 18 అడుగులు. వెడల్పు 4 అడుగులు, రెండు వైపులా పట్టుకునే పైపులు. స్థలం లేదని ఆరడుగుల్లో ముగించిన ర్యాంపు పిల్లలకు జారుడుబల్లగా పనికొస్తుంది, చక్రాల కుర్చీకి పనికిరాదు. తరగతి గదికి ర్యాంపు ఉండి టాయిలెట్‌కు లేకపోవడం కూడా తరచుగా చూస్తుంటాం. స్థలం చాలకపోతే ర్యాంపును మధ్యలో చదునైన అరుగు వేసి మలుపు తిప్పండి.

8. పాతిక వేలు ఎలా పంచాలి: ఒక నమూనా

80 మంది పిల్లలున్న ప్రైమరీ స్కూలు, స్లాబు గట్టిదే కానీ రెండు చోట్ల కారుతోంది, టాయిలెట్లు రెండు. మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి, అంకెల కంటే వరస చూడండి.

- డాబా పగుళ్లు, పిట్టగోడ మూల, తూములు: 6,000
- టాయిలెట్ పైపులు, కొళాయిలు, గడియలు: 7,000
- ఎర్తింగ్, ఆర్‌సీసీబీ: 3,000
- ట్యాంకు కడగడం, బ్లీచింగ్, సబ్బులు, ఫినాయిల్, గ్లవ్స్ (ఏడాదికి): 4,000
- సుద్దముక్కలు, రిజిస్టర్లు: 2,500
- ఏదైనా హఠాత్తుగా పాడైతే: 2,500

ఆఖరిదాన్ని కొట్టేసి రంగులకు కలపాలని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. జనవరి దాకా దాన్ని ముట్టుకోకండి. మోటారు కాలిపోయేది ఎప్పుడూ డబ్బు అయిపోయాకే. జనవరి దాటాక మిగిలితే మార్చి 31 లోపు, రెండో గుంపులో మిగిలిన పనికి వాడండి.

9. కాగితాలు

విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా పనులు చూస్తున్నాయి. ఏ కమిటీ అయినా ఖర్చుకు ముందే తీర్మానం రాయించండి. పని అయ్యాక పాత తేదీతో రాసుకోవడం ఆడిట్‌లో ఇట్టే దొరికిపోతుంది.

ప్రతి పనికీ ఇవి ఫైల్లో ఉండాలి: తీర్మానం, కనీసం మూడు కోటేషన్లు, పనికి ముందు, మధ్య, తర్వాత ఫోటోలు, బిల్లు, క్యాష్‌బుక్ పేజీ, వస్తువు అయితే స్టాకు రిజిస్టరు నంబరు. ఏఈ కొలతలు తీసే పని అయితే ఎం.బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కిందో లేదో చూసుకున్నాకే చెల్లింపు. మధ్యలో తీసే ఫోటో ముఖ్యం. ఎంత లోతు కొట్టారో, ఏ పైపు వేశారో పని పూర్తయ్యాక కనిపించదు.

మేస్త్రికి మొత్తం ఒకేసారి ఇవ్వకండి. డాబా పనికైతే పదో వంతు మొదటి పెద్ద వాన దాకా ఆపుతామని ముందే చెప్పి కోటేషన్‌లో రాయించుకోండి. ఒప్పుకోనివాడికి తన పని మీద తనకే నమ్మకం లేదన్నమాట.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే తక్కువ కోటేషనే తీసుకోవాలనుకోవడం. కోటేషన్ అడిగేటప్పుడే పైపు మందం, కొళాయి రకం, ఎన్ని పూతలు అన్నవి రాసిస్తే ముగ్గురూ ఒకే పనికి ధర చెబుతారు, అప్పుడే పోల్చగలరు. "టాయిలెట్ రిపేరు" అని రాసిస్తే ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు ధర చెబుతారు.

తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండటం. ఆ ఒక్కరు సెలవు పెడితే టాయిలెట్ ఆ రోజంతా మూతే.

కొళాయి కారుతుంటే వాషర్ మార్చకుండా కొత్త కొళాయి వచ్చేదాకా ఆగడం. చుక్కచుక్కగా కారినా రోజుకు ఒకటి రెండు బకెట్లు పోతాయి, కింద గోడకు చెమ్మ ఎక్కుతుంది. ఒక డబ్బాలో వాషర్లు, టెఫ్లాన్ టేపు, రెండు స్పేర్ కొళాయిలు, ఒక స్పానర్ ఆఫీసు గదిలో ఉంచండి.

మొక్కలను గోడకు ఆనించి నాటడం. రోజూ పోసే నీళ్లు పునాదిలోకి దిగుతాయి. కనీసం నాలుగైదు అడుగుల దూరం వదలండి, పెద్ద చెట్లయితే ఇంకా ఎక్కువ. చేతులు కడిగిన నీళ్లను కాలువ ద్వారా తోటకు మళ్లిస్తే బురద కూడా తగ్గుతుంది.

ఫలితం వచ్చిందో లేదో ఇలా చూడండి

మొదటి పెద్ద వాన తర్వాత, పెన్సిల్ గీతలు పెట్టిన పగుళ్లు, నంబరు వేసిన మరకలు అన్నీ పాత ఫోటోలతో పక్కపక్కన పెట్టి చూడండి. టాయిలెట్ల దగ్గర సోమవారం పొద్దున, శుక్రవారం మధ్యాహ్నం వెళ్లి చూడండి. సోమవారం అందరూ కడుగుతారు, అసలు సంగతి శుక్రవారం తెలుస్తుంది. మధ్యాహ్నభోజనం గంటలో ఆఖరి కొళాయికి నీళ్లు వస్తున్నాయా చూడండి, పొద్దున తొమ్మిదింటికి కాదు. ఇంటర్వెల్ అయ్యాక తరగతి మధ్యలో టాయిలెట్‌కు పంపమని అడిగే ఆడపిల్లలు తగ్గారా అని టీచర్లను అడగండి. తగ్గకపోతే ఇంకో విడత ఇంటర్వెల్ కావాలి, లేదా లోపల ఏదో పనిచేయడం లేదు.

ఈ పరిశీలనలో తేలినవన్నీ అదే గళ్ల నోటుపుస్తకంలో తేదీతో రాసి, దాన్ని బీరువాలో ఫైలుతో పాటు ఉంచండి. బదిలీ అయితే ఛార్జ్ లిస్టులో ఆ పుస్తకం పేరు కూడా రాసి అప్పజెప్పండి.